తుడిచేసిన మైనం

షూటింగ్ పోటీల తుపాకులు బాగుచేసే ఆ మేస్త్రిని జనం ‘వెంట్రుకవాసి’ అనేవారు. ఏ పని అప్పగించినా “వెంట్రుకవాసి తేడా వచ్చినా గురి గురి కాదు” అనకుండా మొదలుపెట్టేవాడు కాదు మరి. ఆ పేరు చెవిన పడితే అతనికి కోపం రాకపోగా లోలోపల ముచ్చటగా ఉండేది.

ఇతరులకు పేర్లు తగిలించడంలోనూ అతనిది అందెవేసిన చెయ్యే. రైలు పట్టాల అవతల అలాంటి దుకాణమే పెట్టుకున్న మరో పనివాడికి ‘బంక’ అని పేరు పెట్టింది అతనే. దానికో కథ ఉంది. తుపాకీలో తూటాను పట్టి ఉంచే ఇనుప భాగాన్ని యాక్షన్ అంటారు. దాని ముందు బ్యారెల్ బిగిస్తారు, కింద చెక్క ఉంటుంది. చెక్కను ఎంత బాగా తొలిచినా ఇనుము అంతటా ఆనదు. ఆనని చోట, పేల్చినప్పుడల్లా ఇనుము ఒక పిసరు కదులుతుంది. కదలకుండా ఉండాలంటే చెక్క గుంటలో ఉక్కుపొడి కలిపిన ఎపాక్సీ బంక పోసి, అందులో ఇనుమును కూర్చోబెట్టి గట్టిపడనివ్వాలి. బెడ్డింగ్ అంటారు దాన్ని. మేస్త్రి మాత్రం పరుపు వేయడం అనేవాడు. పరుపు మీద కూర్చున్న ఇనుము అవసరమైనప్పుడు మళ్లీ లేవాలి కదా, అందుకని ముందే దానికి మైనం రాస్తారు. మైనం ఉన్నచోట బంక పట్టదు. లేనిచోట వదలదు.

చాలా ఏళ్ల కిందట ఆ పట్టాల అవతలి మనిషి ఒకరి తుపాకీకి మైనం రాయడం మరిచిపోయాడు. చెక్కను చీల్చి ఇనుమును తీయవలసి వచ్చింది. ఆ సంగతి మన మేస్త్రి షూటింగ్ క్లబ్బులో టీ తాగేవాళ్లందరికీ అభినయం చేసి మరీ చెప్పాడు. “మైనం మరిచినవాడు మేస్త్రి కాడు, బంక” అన్నాడు. నవ్వులు ఆగాయిగానీ పేరు ఆగలేదు. ఆ మనిషి నోట్లో నాలుక లేనివాడు. పిలిస్తే పలికేవాడు.

మేస్త్రి సొంత అక్క సరుకు రేవులో క్రేన్ నడిపేది. గంటల తరబడి కదలకుండా కూర్చుని, టన్నుల బరువును నెమ్మదిగా దించే మనిషి. ఆ స్థిమితమే ఆమెను మంచి షూటర్ని చేసింది. ఆమె తుపాకీ చెక్కను ఆమె భర్త, అంటే మేస్త్రి బావ, స్వయంగా చెక్కాడు. అతను వడ్రంగి. భార్య చెంప ఎక్కడ ఆనుతుందో, బొటనవేలు ఎక్కడ వాలుతుందో చూసి చూసి తీర్చిన చెక్క అది. తరవాత అతని వేళ్ల కీళ్లు వాచి, బిగుసుకుపోయి, ఉలి పట్టడం మానేశాడు.

ఆ ఏడు అక్క దూరపు గురి కోసం లావుపాటి బరువైన బ్యారెల్ వేయించుకుంది. అది వేసినప్పటి నుంచి గుళ్లు ఒకచోట పడటం మానేశాయి. మొగుడూ పెళ్లాలిద్దరూ తుపాకీ సంచీతో తమ్ముడి దుకాణానికి వచ్చారు.

“పైకొకటి, కిందకొకటి పోతోందిరా. నా చెయ్యే పాడైందేమోనని భయమేస్తోంది” అంది అక్క.

మేస్త్రి తుపాకీ తీసి, కన్ను మూసి, బ్యారెల్ వెంట చూశాడు. “నీ చెయ్యి బానే ఉందక్కా. ఈ యాక్షన్‌కి పైన తూటా పెట్టడానికి ఒక కిటికీ, కింద ఒక కిటికీ కోసి ఉన్నాయి. ఉన్న ఇనుమే తక్కువ. ఇంత దుంగను దాని ముక్కుకు తగిలిస్తే వంగదా? దీనికి అల్యూమినియం తొడుగు వేసి గట్టి చేస్తాను. ఆ తొడుగు కింద పరుపు వేస్తాను. అప్పుడు కొండలా కూర్చుంటుంది.”

“చెక్క జాగ్రత్తోయ్” అన్నాడు బావ. “మళ్లీ చెక్కాలంటే నావల్ల కాదు. ఈ వేళ్లు టీ గ్లాసు పట్టుకోమన్నా సమ్మె చేస్తున్నాయి.”

“నా చేతిలో చెక్క పాడవడం ఎప్పుడైనా చూశారా బావా?”

“చూళ్లేదు. చూడకుండానే పోవాలని నా కోరిక.”

ముగ్గురూ నవ్వుకున్నారు.

పని మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. మేస్త్రి అల్యూమినియం కడ్డీని లోపల తొలిచి గొట్టంలా చేశాడు. తూటా పెట్టే కిటికీకి సరిగ్గా ఎదురుగా దానికో కిటికీ కోశాడు. లోపలా బయటా స్పిరిట్‌తో తుడిచి, యాక్షన్ మీదికి తొడిగి బంకతో అతికాడు. ఈ అతుకు ఎప్పటికీ ఊడకూడనిది. ఇక మిగిలింది, ఊడవలసినది. చెక్క గుంటను ఉలితో వెడల్పు చేశాడు. బంక దూరకూడని సందులన్నీ మెత్తటి మట్టితో మూశాడు. స్క్రూలకు మైనం రాశాడు. తొడుగుకు ఒక పూత వేసి, ఆరాక మరో పూత వేశాడు.

బంక కలపబోతూ తొడుగును గది కిటికీ వెలుగులో ఒకసారి తిప్పి చూశాడు. తూటా పెట్టే కిటికీ అంచు పక్కన సన్నటి గీత కనిపించింది. ఆ గీత వల్ల గురికి వచ్చే నష్టం ఏమీ లేదు. కానీ తుపాకీ బిగించాక పైకి కనపడే చోటు అది. అక్క దాన్ని క్లబ్బులో బల్ల మీద పెట్టగానే నలుగురూ వంగి చూస్తారు. అతను సన్నటి ఎమెరీ కాగితంతో ఆ చోటు రుద్దాడు. రుద్దిన చోటు మిగతా వాటికంటే మెరిసింది. మిగతాది కూడా రుద్దాడు. తరవాత గుడ్డను స్పిరిట్‌లో ముంచి, తొడుగు మొత్తం అద్దంలా అయ్యేదాకా తుడిచాడు. ఎంత బాగుందో అని దూరంగా పెట్టి చూసుకున్నాడు. అప్పుడు బంక కలిపాడు. కలిపిన బంక ఎవరి కోసమూ ఆగదు. గుంటలో పోసి, ఇనుమును నొక్కి కూర్చోబెట్టి, పొంగి వచ్చిన బంకను తుడిచి, ఈల వేసుకుంటూ భోజనానికి వెళ్లాడు.

మరునాడు పొద్దున స్క్రూలు వెన్నలో కత్తిలా వచ్చేశాయి. సంతోషంగా బ్యారెల్‌ను గుడ్డ చుట్టిన వైస్‌లో బిగించి, చెక్క సుత్తితో కింద నుంచి చిన్న దెబ్బ వేశాడు. మామూలుగా ‘టక్’మని చిన్న చప్పుడుతో విడిపోతుంది. విడిపోలేదు. ఇంకాస్త గట్టిగా వేశాడు. మూడోసారి సుత్తి ఎత్తి ఆగిపోయాడు. బల్ల మీద నిన్నటి స్పిరిట్ గుడ్డ ఉంది. దాని మీద పసుపు పచ్చటి మైనం మరకలున్నాయి.

విచిత్రమేమిటంటే ఆ క్షణాన అతనికి అక్క తుపాకీ గుర్తుకు రాలేదు, బావ చెక్కా గుర్తుకు రాలేదు. ‘బంక’ అన్న పేరు గుర్తుకొచ్చింది. మొదట చేసిన పని, లేచి వెళ్లి దుకాణం తలుపు గడియ వేయడం.

బాగా చల్లబరిస్తే ఒక్కోసారి బంక పట్టు విడుస్తుంది. ఫ్రిజ్‌లో పెడదామంటే బ్యారెల్ పొడుగు. వేడి చేద్దామంటే తొడుగు అతుకు ఊడుతుంది, చెక్క మాడుతుంది. చివరికి తుపాకీని ఇంటి స్నానాల గదిలోకి తీసుకెళ్లి, ప్లాస్టిక్ సంచి చుట్టి, ఫ్రిజ్‌లో ఉన్న మంచుగడ్డలన్నీ దాని మీద పోశాడు. భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఏమండీ, దానికి జ్వరమా?”

“పనిలో భాగం. నీకు తెలీదులే” అన్నాడు తల ఎత్తకుండా.

ఆమె తడి నేలనూ, ఖాళీ ట్రేలనూ, మొగుడి మొహాన్నీ చూసి ఇంకేమీ అడగలేదు. తుపాకీ మాత్రం విడలేదు. సాయంత్రం అక్క ఫోన్ చేసి “అయిందా?” అంటే, “అయింది, వచ్చి తీసుకో” అన్న మాట అతని నోట్లోంచే వచ్చింది.

వాళ్లు వచ్చేసరికి అబద్ధం సిద్ధంగా ఉంది. “ఇది కొత్త పద్ధతి అక్కా. ఇనుమూ చెక్కా ఒకే ముక్క. ఇక కదలడమన్న మాటే లేదు. స్క్రూలు ఊరికే అందానికి. ముట్టుకోకు.”

బావ వాచిన వేలితో అతుకు వెంట తడిమాడు. “వెంట్రుక దూరే సందు లేదు. మరి ఎప్పుడైనా విప్పాల్సొస్తే?”

“రాదు బావా.”

“వడ్రంగంలో రాదనుకున్నదే ముందు వస్తుంది” అని నవ్వాడు బావ. తరవాత ఆ మాట వదిలేశాడు. బావమరిది మాట మీద అంత నమ్మకం.

ఆ తుపాకీ చెడ్డగా పేలి ఉంటే మేస్త్రి అప్పుడే నిజం చెప్పేసేవాడేమో. అది అద్భుతంగా పేలింది. అక్క గుళ్లన్నీ గురి కాగితం మీద ఒకే చిరుగులో పడ్డాయి. అతుక్కుపోయిన ఇనుము నిజంగానే కదలదు కదా. ఆ సీజన్ పెద్ద పోటీలో ఆమె అందరికంటే ముందు నిలిచింది. బహుమతి అందుకున్నాక తమ్ముణ్ణి చెయ్యి పట్టి ముందుకు లాగి, “నా చేతిది సగమే. మిగతా సగం వీడి పరుపుది” అంది. జనం చప్పట్లు కొట్టారు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా నవ్వుతూ నిలబడ్డాడు. అతుకు పెట్టే పద్ధతి తమ తుపాకులకూ కావాలని కొందరు వచ్చారు. “అన్ని తుపాకులకీ కుదరదు” అని దాటేశాడు. ఆ బిగువు చూసి, లోపల ఏదో పెద్ద రహస్యం ఉందని వాళ్లకు గౌరవం ఇంకా పెరిగింది.

కొన్నాళ్లకు పట్టాల అవతలి నుంచి బంక వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా బల్ల పక్కన నిలబడ్డాడు.

“మేస్త్రిగారూ, మీ పద్ధతి గురించి విన్నాను. ఒకాయన నన్నూ అలాగే చేయమంటున్నాడు. మీరు చెప్తే చేస్తాను, వద్దంటే మానేస్తాను.” తనలో తాను నవ్వుకున్నట్టు అన్నాడు. “అప్పట్లో నేను తెలీక చేసిందే, మీరు తెలిసి చేశారు. అదే తేడా. వినగానే నాకెందుకో ప్రాణం తేలికైంది.”

మేస్త్రి వద్దు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే ఎందుకని అడుగుతాడు. “చెయ్యి. శుభ్రంగా తుడువు. బంక పాళ్లు సరిగా కలుపు. అంతే” అన్నాడు. అతను చెప్పనిది ఒకటుంది. ఎప్పుడూ ఆలోచించలేదు గనక చెప్పలేదు. యాక్షన్ కింద ట్రిగ్గర్ వేలాడుతుంది. దాన్ని పట్టి ఉంచే పిన్నులు అడ్డంగా, చెక్క గోడల మధ్య ఉంటాయి. ఇనుము లేవకపోతే ట్రిగ్గర్ బయటికి రాదు. కావాలని అతికేవాడు ముందే దానికి దారి పెట్టుకుంటాడు. మేస్త్రి కావాలని అతకలేదు కదా.

బంక చేతులు జోడించి వెళ్లాడు. చెప్పినది చెప్పినట్టు చేశాడు.

వానాకాలం ముగిసే ముందు ఒక ఆదివారం, క్లబ్బులో బంక తన చేత్తో అతికించిన తుపాకీ దానంతట అదే పేలింది. దాని యజమాని తూటా పెట్టి బోల్టును, అంటే వెనక గడియను, మూశాడు. వేలు ట్రిగ్గర్ మీద వేయనే లేదు. గుండు బల్ల ముందున్న మట్టిగట్టులో దిగింది. మూతి ముందుకే ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. పక్క బల్ల దగ్గరున్న ముసలాయన మాత్రం చాలాసేపు లేచి నిలబడలేకపోయాడు. బ్యారెల్ కడిగిన నూనె కారి ట్రిగ్గర్‌లోకి దిగి, జిగురై, దాని పట్టు జారిపోయింది. తీసి కడుగుదామంటే రాలేదు. చెక్కను చీల్చారు.

క్లబ్బు కార్యదర్శి ఇద్దరు మేస్త్రులనూ పిలిపించాడు. గదిలో సభ్యులు గోడల వెంబడి నిలబడి ఉన్నారు. అక్కా ఉంది. బంక మధ్యలో ఉన్నాడు. బల్ల మీద రెండు ముక్కలైన చెక్క ఉంది.

“ఇది మీ పద్ధతేనట కదా?” అని కార్యదర్శి మేస్త్రిని అడిగాడు.

గదిలో అందరి చూపులూ అతని మీద వాలాయి. ఆ చూపుల్లో అనుమానం లేదు. గౌరవమే ఉంది. ఆ గౌరవమే అతని నోటికి అడ్డం పడింది.

“పద్ధతి నాదే. చేసే చెయ్యి వేరు” అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. “చేతకాని పనికి పోతే ఇలాగే ఉంటుంది.”

అక్క అవునన్నట్టు తలూపింది. ఇంకొందరు ఊపారు. ఎవరో వెనకనుంచి “బంక బంకే” అన్నారు. బంక ఒక్కసారి తల ఎత్తి మేస్త్రి వంక చూశాడు. కోపంగా కాదు. పాఠం మధ్యలో ఏదో వినిపించుకోని పిల్లవాడిలా చూశాడు. ఇకపై సభ్యుల తుపాకులు అతనికి ఇవ్వకూడదని అక్కడే తీర్మానించారు.

రెండు రోజుల తరవాత బంక మళ్లీ వచ్చాడు. మళ్లీ చెప్పులు బయటే విడిచాడు.

“తిట్టడానికి రాలేదండి. ఇక ఈ పని ఎలాగూ నాకు రాదు. కానీ మనసు ఒప్పట్లేదు. మీరు చెప్పినదాంట్లో నేనేదో వదిలేసి ఉంటాను. అదేంటో చెప్పండి, తెలుసుకుని ఊరుకుంటాను.”

మేస్త్రి ఆకురాయి చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ, “పాళ్లు తప్పి ఉంటావు” అన్నాడు.

“పాళ్లా” అన్నాడు బంక. తూకం వేసి కలిపిన మనిషి. తలూపి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఇంటికీ దుకాణానికీ మధ్య తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

“పాళ్లు తప్పితే బంక గట్టిపడదు అన్నారు మీరు ఒకసారి. ఆయనది గట్టిపడింది కదా” అంది.

అతను ఆకురాయిని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

“ఆ రోజు మంచుగడ్డలు పోసింది ఊడదీయడానికే కదండీ?”

“నీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలి? మీ మొహం చెప్పింది. మీరే చెప్తారులే అని ఊరుకున్నాను. నేనూ తప్పే చేశాను.” ఆమె లోపలికి వెళ్లబోయి ఆగింది. “మీ అక్క తుపాకీ మటుకు అలా పేలదా?”

ఆ ప్రశ్న అతను తనను తాను అడుగుతూనే ఉన్నాడు. క్లబ్బులో మట్టి ఎగిరిందన్న మాట విన్నప్పటి నుంచి. తనకు తాను చెప్పుకున్న జవాబు, అక్క తుపాకీని ఏదో వంకతో తెప్పించి, సందులోంచి ట్రిగ్గర్‌లోకి కిరసనాయిలు పోసి కడుగుదామని. అక్క ప్రాణానికి ముప్పున్న చోట కూడా తను వెతుకుతున్నది దాక్కునే దారే. ఆ ప్రశ్న భార్య నోట విన్నాక, పక్కవాడి సంగతి విన్నట్టు, తన ఆలోచన అసలు రూపం కనపడింది. అతను ఆకురాయి కింద పెట్టి చెప్పులు వేసుకున్నాడు. ముందు అక్కకు ఫోన్ చేసి, తను వచ్చేదాకా తుపాకీ పెట్టె తెరవొద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. తరవాత పట్టాల వైపు నడిచాడు.

బంక దుకాణం ఒకే గది. గోడకు ఆకురాళ్లు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా వేలాడుతున్నాయి. తుపాకుల బల్ల మీద ఇప్పుడు ఒక కుట్టుమిషన్ తల విప్పి ఉంది. బంక గభాలున లేచి స్టూలు తుడిచాడు.

“కూర్చోండి మేస్త్రిగారూ. కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి.”

మేస్త్రి కూర్చోలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ గుమ్మంలోనే రాలిపోయాయి. “పద్ధతీ లేదు, పాడూ లేదు. మా అక్క తుపాకీకి మైనం లేకుండా పరుపు వేసేశాను. అతుక్కుపోయింది. చెప్పుకోలేక పద్ధతి అన్నాను. నువ్వు ఏదీ వదిలెయ్యలేదు. పాళ్లూ తప్పలేదు.”

బంక చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది. రైలు ఒకటి పోయింది. గోడ మీద ఆకురాళ్లు సన్నగా మోగి ఆగాయి.

“మైనం మరిచారా?”

“రాశాను. రాశాక తుడిచేశాను. తొడుగు మీద గీతుంటే, మెరుపు కోసం.”

“గీత కోసమా” అన్నాడు బంక. “నేనప్పుడు ఊరికే మరిచాను. గీతా లేదు, ఏమీ లేదు. ఎందుకు మరిచానా అని ఇన్నేళ్లు వెతికాను.”

“నన్ను తిట్టు” అన్నాడు మేస్త్రి.

“తిడితే నీకు బాగుంటుంది. నాకేం ఒరుగుతుంది?” ఇన్నేళ్లలో బంక అతన్ని ‘నువ్వు’ అనడం అదే మొదలు. అన్నట్టు కూడా అతనికి తెలియలేదు. మేస్త్రికి తెలిసింది. చెంప మీద కొట్టినా అంత సరిగ్గా తగిలేది కాదు. “ఆ గదిలో అందరి ముందూ చేతకానివాడన్నావు. ఇక్కడ నా ఒక్కడికే చెప్తే ఎలా?”

“అక్కడే చెప్తాను. నువ్వూ రా.”

“నేను రాను. నలుగురి మధ్య తల దించుకున్న మనిషిని చూడటం నాకు ఇష్టం ఉండదు. ఎలా ఉంటుందో తెలుసు.” బంక స్టూలు తన వైపు లాక్కుని, కూర్చుని, కుట్టుమిషన్ స్క్రూ విప్పడం మొదలుపెట్టాడు. వెళ్లమని దాని అర్థం.

ఆదివారం దాకా ఆగితే మళ్లీ మనసు జారుతుందని భయపడి, మేస్త్రి అటునుంచి అటే అక్క ఇంటికి వెళ్లాడు. బావ అరుగు మీద కూర్చుని వేళ్లను వేడి నీళ్ల గిన్నెలో ముంచి ఉన్నాడు. అక్క రేవు నుంచి వచ్చి ఇంకా బూట్లు విప్పలేదు. మేస్త్రి వాళ్ల మొహాలు చూడకుండా, గిన్నెలోని నీళ్లనే చూస్తూ చెప్పాడు. ఏదీ దాచలేదు. మంచుగడ్డల సంగతి కూడా చెప్పాడు.

అక్క ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా అలాగే కూర్చుంది.

“మైనం మరిచిపోవడానికి ఏముందిరా, నేను ఒకసారి క్రేన్ కొక్కెం దించడం మరిచి ఇంటికొచ్చాను. దానికి కాదు నా బాధ” అంది. “ఆ మనిషిని చేతకానివాడన్నావు. నువ్వన్నావు కదా అని నేను తలూపాను. అందరూ చూశారు. ఆయనా చూశాడు. ఆ తలూపింది ఎలా వెనక్కి తీసుకోను, చెప్పు?”

అక్క చిన్నప్పుడు అతన్ని కొట్టేది, తిట్టేది. ఈసారి రెండూ చేయలేదు. రెండో బూటు కూడా విప్పి, లోపలికి వెళ్లి, తలుపు వేసుకుంది.

ఆదివారం ఆమె క్లబ్బుకు వచ్చింది గానీ తమ్ముడి పక్కన నిలబడలేదు. మేస్త్రి కార్యదర్శి బల్ల ముందు నిలబడి మొత్తం చెప్పాడు. అభినయం లేదు, వెంట్రుకవాసి మాటల్లేవు. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది. ఎవరూ నవ్వలేదు. కొందరు నేల చూశారు, కొందరు కిటికీ చూశారు. ఆ రోజు “బంక బంకే” అన్న గొంతు ఎవరిదో ఇప్పుడు దగ్గి ఊరుకుంది. అతను ముగించాక అక్క ముందుకు వచ్చి, “ఆయన్ని తప్పుపట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అది పొరపాటు” అని అంతే చెప్పి వెళ్లి కూర్చుంది. కార్యదర్శి తీర్మానం కొట్టేశాడు. బంకకు పని మళ్లీ ఇవ్వవచ్చన్నారు. ఆ సంగతి చెప్పడానికి కార్యదర్శే పట్టాల అవతలికి వెళ్లి వచ్చాడు. బంక టీ ఇచ్చాడుగానీ పెద్దగా మాట్లాడలేదట.

క్లబ్బులో పేలిన తుపాకీకి, చీలిన చెక్కకు బదులు కొత్త చెక్క చేయించే బాధ్యత మేస్త్రి తన మీద వేసుకున్నాడు. దాన్ని ఇనుముకు అమర్చి పరుపు వేసే పని మాత్రం ఆ యజమాని బంకకే ఇచ్చాడు. మేస్త్రి దుకాణానికి వచ్చేవాళ్లు పలచబడ్డారు. వచ్చినవాళ్లు తుపాకీ అప్పగించి ఒక క్షణం ఎక్కువ నిలబడేవారు. అడగరు, అడగాలనుకుంటున్నారని తెలుస్తుంది. అతనే చెప్పేవాడు, “మైనం రాశాక మిమ్మల్ని పిలుస్తాను, చూసి వెళ్లండి” అని. ప్రతిసారీ చెవులు వేడెక్కేవి.

అక్క తుపాకీ మిగిలింది. అక్క దాన్ని ముట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం బావ ఒక్కడే దాన్ని భుజాన వేసుకుని దుకాణానికి వచ్చాడు.

“అంతా చీల్చక్కర్లేదోయ్. ట్రిగ్గర్ పక్కన రెండు వైపులా చిన్న కిటికీ కోస్తే పిన్నులు వస్తాయి, కోసిన పలకలనే మళ్లీ మూతలుగా పెట్టొచ్చు. రోజూ అదే ఆలోచిస్తున్నా” అన్నాడు.

“బావా, మీరు చెక్కినది. నేను కొయ్యలేను.”

“నా వేళ్లు పనిచేస్తే నిన్ను అడుగుతానా? నేను గీస్తాను. నువ్వు కొయ్యి.”

పెన్సిల్ పట్టుకోవడానికే బావ అవస్థ పడ్డాడు. రెండు చేతులతో పట్టుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, నెమ్మదిగా గీశాడు. గీత వణికింది. చెరిపి మళ్లీ గీశాడు. మేస్త్రి సాయం చేయబోతే మోచేత్తో నెట్టాడు. ఆ చెక్కను తీర్చిన చేతులవే. మేస్త్రి చూడలేక సన్న రంపం కోసం అటు తిరిగాడు.

బావ గీసిన గీత వెంటే కోసుకుంటూ పోయాడు. పాత వాల్‌నట్ కొయ్య పొట్టు ముదురు రంగులో బల్ల మీద రాలింది. రెండు చిన్న పలకలు ఊడాక పిన్నులు కనిపించాయి. మేస్త్రి వాటిని తట్టి బయటికి తీశాడు. ట్రిగ్గర్ అతని అరచేతిలోకి జారింది. దాని నిండా నల్లటి నూనె జిగురు పేరుకుని ఉంది. వేలితో మీటితే సగం దూరం వచ్చి ఆగిపోయింది.

బావ ముందుకు వంగి చూశాడు. “ఇంకెన్నాళ్లకి పేలేది?”

“తెలీదు బావా.” ఇంకోసారి మీటి చూసి, “ఎక్కువ రోజులు కాదు” అన్నాడు.

బావ వాచిన వేళ్లతో ఊడిన పలకల్లో ఒకటి తీసుకుని అంచు తడిమి చూశాడు.

“గీత దాటలేదు” అన్నాడు. “రెండోదానికి అంచు కాస్త నున్నగా తియ్యి. మీ అక్క చెయ్యి తగులుతుంది అక్కడ.”

మేస్త్రి ట్రిగ్గర్‌ను కిరసనాయిలు గిన్నెలో వేసి, రెండో పలక అందుకున్నాడు.